రెండో సాకెట్టు

మా బామ్మరిది ముత్యాలప్ప తన మోటారుసైకిలుకు కరెంటు సాకెట్టు బిగించుకున్నది మా ఇంటి ముందరే. వైరు కొసలు పట్టుకుని నిలబడింది నేనే. తన గోతిని తనే తవ్వుకున్నాడని ఎవరినైనా అంటుంటారు. నేను తవ్వలేదు కానీ గడ్డపార అందించాను.

ఎనభై ఐదో సంవత్సరం. అంతకు ముందేడు శెనక్కాయ చేతికి రాలేదు. ఆ ఏడు విత్తనమే పడలేదు. ఆషాఢం గాలి మాత్రం ఏ లోటూ చేయకుండా వీచింది. కంబదూరు నుంచి కుందుర్పి పోయే దోవ పొడుగునా చేలు దున్నిపెట్టినవి దున్నిపెట్టినట్టే ఎండుతున్నాయి. అట్లాంటి ఏడు మా పక్క ఊళ్లలో ఆవుల పిలుపు పాడిస్తారు. పాడేది మా ఇంటివాళ్లు. మా తాత, ఆయన తర్వాత మా నాయన, ఆయన తర్వాత నేను. నా చదువు మూడో తరగతి దాటలేదు. మా నాయన నన్ను బడి నుంచి లాక్కొచ్చి గొర్రెల వెనక తోలాడు, ఆ గొర్రెల వెనకే నడిపిస్తూ ఈ పాట నేర్పాడు. ఇది రాసిన పాట కాదు, ఇంకొకరి నోట ఉన్న పాట కాదు. నాకూ నా పెండ్లాం తిమ్మమ్మకూ పిల్లలు లేరు కాబట్టి నాతో సరి.

పాటలో కథ చిన్నదే. పూర్వం ఒక కరువులో మేత లేక ఊరి ఆవులన్నీ పడమటి దిక్కుకు వెళ్లిపోయాయి. గొల్లపిల్ల ఒకతె దొడ్డి వాకిట నిలబడి ఒక్కొక్క ఆవునూ పేరు పెట్టి పిలిచింది. తెల్లావును, ఎర్రావును, పుల్లావును, చుక్కలావును, కర్రావును, నొసట తెల్లమచ్చ ఉన్న బట్టావును. పిలిచిన ఆవు పిలిచినట్టు తిరిగి వచ్చింది. ఆవుల వెనకే వాన వచ్చింది. అంతే.

పాడించే ఊళ్లో పశువులు ఇంటికి మళ్లే వేళకు జనం ఊరి దొడ్డి ముందర చేరతారు. దొడ్డికి అడ్డం వేసే ముళ్లకంపను పక్కకు లాగి పెడతారు. పాటలో ఆవు పేరు వచ్చినప్పుడల్లా ఆడవాళ్లు చెంబుతో వాకిట్లో ఇన్ని నీళ్లు చల్లుతారు, వచ్చిన ఆవు కాళ్లు కడిగినట్టు. పాట అయిపోయాక, ఆవులన్నీ లోపలికి వచ్చినట్టు లెక్క, అప్పుడు కంప వేస్తారు. పాడేవాణ్ణి నల్లకంబళి పరిచి కూర్చోబెడతారు. ఆ పూట ఆ కంబళి మీద ఇంకెవరూ కూర్చోరు, ఊరి పెద్ద కూడా. ఏడాది పొడుగునా 'ఏమిరా తిప్పయ్యా' అనేవాళ్లు ఆ సాయంత్రం 'మొదలుపెట్టు సామీ' అంటారు. నాకు ఉన్నది ఆ కంబళి ఒక్కటే. పొలం కూడా ఉంది కానీ మా పొలాలు ఉన్నా లేకపోయినా ఒకటే.

ముత్యాలప్ప తిమ్మమ్మకు తమ్ముడు. తాడిపత్రిలో బండలు పాలీషు పట్టే పనికి పోయి, ఆ పని వదిలి, అక్కడే ఎవరి దగ్గరో రేడియోలు బాగుచేయడం నేర్చుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక పాత మోటారుసైకిలు, ఒక టేపురికార్డరు తెచ్చాడు. ఆ రోజు నుంచి తిమ్మమ్మ నోట తమ్ముడి మాట తప్ప ఇంకో మాట లేదు. మా తమ్ముడు బండి కొన్నాడు. మా తమ్ముడి పెట్టె మనిషిలాగా మాట్లాడుతుంది. నేను ఎండలో గొర్రెలు తోలుకుని వచ్చి గడపలో కూర్చుంటే, మంచినీళ్లు ఇస్తూ కూడా అదే మాట.

అంతకు ముందేడు ఉగాదికి వాడు ఆ పెట్టెను మా ఇంటికి తెచ్చాడు. అక్క వినాలని అడుగుతోందని, ఒకసారి ఆవుల పిలుపు పాడమని అన్నాడు. ఎవరైనా పాడమంటే నాకు లోపల పాలు పొంగినట్టు పొంగుతుంది, దాచుకోవడం చేతకాదు. కండ్లు మూసుకుని మొదటి నుంచి చివరిదాకా పాడాను. మధ్యలో పెట్టె టక్కుమన్నది. వాడు దాన్ని ఏదో కెలుకుతున్న చప్పుడు అయింది. నేను కండ్లు తెరవలేదు, పాట ఆపలేదు. మొదలుపెట్టిన పాట ఇల్లు కాలుతున్నా ఆపకూడదని మా నాయన కట్టడి. అయిపోయాక పెట్టె నొక్కి నా గొంతు నాకే వినిపించాడు. తిమ్మమ్మ చెంపకు చేయి ఆనించుకుని విన్నది.

"నీ గొంతు ఇంత బాగుంటాదని నాకు తెలియనే తెలియదు సూడు" అన్నది.

ఇన్నేండ్లూ ఎవరితో కాపురం చేసిందో మరి.

ఆ పెట్టెకు నాలుగు లావు సెల్లులు కావాలి. అవి కొత్తగా ఉన్నన్నాళ్లు గొంతు గొంతులాగే ఉంటుంది. నీరసించాయంటే పాట ఈడ్చుకుపోయి, దున్నపోతు నిద్రలో మూలిగినట్టు అవుతుంది. మా ఊళ్లకు కరెంటు స్తంభాలు వచ్చాయి కానీ వాటిలో కరెంటు ఎప్పుడు ఉంటుందో స్తంభాలకే తెలియదు. ముత్యాలప్ప కూర్చుని ఆలోచించాడు. నాలుగు సెల్లులకు కలిపి ఎంత బలమో బండిలో ఉండే బ్యాటరీకీ అంతే బలమంట, ఆరు ఓల్టులు. అందుకని బండి నుంచే పెట్టెకు కరెంటు తీస్తానన్నాడు.

సీటు విప్పి పక్కన పెట్టాడు. బ్యాటరీ పక్కన ఉండే రేకు డబ్బాకు చేతిడ్రిల్లుతో రంధ్రాలు వేశాడు. ఇండ్లలో గోడకు బిగించే రెండు కన్నాల నల్ల సాకెట్టును ఆ డబ్బాకు బిగించాడు. బ్యాటరీ నుంచి ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు లాగాడు. ఎర్ర వైరు మధ్యలో వేలెడు కూడా లేని గాజు గొట్టం ఒకటి పెట్టాడు, లోపల వెంట్రుకంత తీగ. అది ఫ్యూజంట. ఏదైనా తేడా వస్తే ముందు అది కాలిపోతుంది, పెట్టె బతుకుతుంది. ఇంట్లో అందరి మీదా పడాల్సింది ముందు తన మీద వేసుకునేవాడు ఒకడుంటాడు కదా, అట్లాంటిది. నన్ను ఆ వైరు కొసలు రెండూ పట్టుకోమని, ఒకదానికి ఒకటి తగలనీయొద్దని చెప్పాడు. చెప్పి అటు తిరిగాడో లేదో నేను తగిలించాను. చిటుక్కుమని మెరిసింది. వదిలేసి ఎగిరి వెనక్కి పడ్డాను. తిమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"భయపడాకు బావా" అన్నాడు ముత్యాలప్ప, కాలిన ఫ్యూజు తీసి కొత్తది వేస్తూ. "ఆరు ఓల్టులు ఎలకను కూడా ఏమీ చేయవు. నిన్నేమి చేస్తాయి?"

ఎలక తర్వాత నా పేరు వచ్చింది. గుర్తుపెట్టుకున్నాను.

ప్లగ్గును తిప్పి పెడితే పెట్టె లోపల కాలుతుందని, ఎర్ర వైరు ఉన్న కన్నం పక్కన ఒక గుర్తు, ప్లగ్గుకు అదే పక్కన ఒక గుర్తు ఉండాలని అన్నాడు. రంగు లేదు. తిమ్మమ్మ కుంకుమ భరిణె తెచ్చి, నూనెలో రంగరించి, రెండు చోట్లా బొట్టు పెట్టింది. తమ్ముడి బండి పెండ్లికూతురయిందని మురిసిపోయింది. దానికి తోడు వాడు తనే చేసుకున్న చిన్న ఆంప్లిఫైరు, యాడనో సంపాదించిన పాత మైకు బూర కూడా తగిలించాడు. అన్నిటికీ ఆ సాకెట్టే ఆధారం. అన్నీ తగిలించి మీట నొక్కాడు. నా గొంతు బూరలో నుంచి లేచి, ఇండ్ల మీదుగా, గుట్ట అవతల రాత్రుళ్లు గొర్రెలను ఉంచే రొప్పాల దాకా పోయింది. గుట్ట మీద ఉన్నవాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చారు. వచ్చి నన్ను చూడలేదు. బండి చుట్టూ నిలబడి సాకెట్టును చూశారు.

ఆ శ్రావణం మొదట్లో కంబదూరు పక్క ఊరి నుంచి ఒక మనిషి మా ఇంటికి వచ్చాడు. తలగుడ్డ చేతిలో పట్టుకుని, ఆవుల పిలుపుకు పిలవడానికి వచ్చినవాడి లాగే వాకిట నిలబడ్డాడు. నేను లోపలికి పోయి ఉతికిన పంచె కట్టుకుని వచ్చాను. ముత్యాలప్ప ఉండాడా అని అడిగాడు ఆ మనిషి.

అట్లా మొదలైంది. ఒక ఊరు తర్వాత ఒక ఊరు. వాడు బండికి బూర కట్టుకుని, పెట్టెను సీటు మీద తాళ్లతో బిగించుకుని పోయేవాడు. నన్ను రమ్మనలేదా అంటే, అన్నాడు. బండి మీద జాగా ఉంటే రావచ్చన్నాడు. పెట్టె, బూర, ఆంప్లిఫైరు కట్టాక ఇంక జాగా ఎక్కడిది? నేను ముఖం మాడ్చుకుని ఉండటం చూసి ఒకనాడు నా పక్కన కూర్చున్నాడు. పాడేది నీ గొంతే కదా బావా, అన్ని ఊళ్లలో నీ పేరే చెప్తాండా అన్నాడు. చెప్పే ఉంటాడు, వాడు అబద్ధాలాడేవాడు కాదు. వాడిలో నాకు అన్నిటికంటే గిట్టనిది అదే. తిట్టుకోవడానికి ఒక్క మంచి తప్పు కూడా చేయడు.

ఒక సాయంత్రం ఆగలేక, పక్క ఊళ్లో వాడు పాట పెడుతున్నాడని తెలిసి నడిచి పోయాను. తల నిండా తువ్వాలు కప్పుకుని జనం వెనక నిలబడ్డాను. దొడ్డి వాకిట నల్లకంబళి పరిచారు. కంబళి మీద పెట్టె కూర్చుని ఉంది. నేను కూర్చునే చోటే, నేను కూర్చునే పక్కకే తిరిగి. పక్కన బండికి పసుపు పూసి, పూలదండ వేశారు. ఆడవాళ్లు వరసగా వచ్చి బండికి బొట్లు పెడుతున్నారు. ట్యాంకుకు, లైటుకు, చక్రాలకు, సాకెట్టు కన్నాలకు రెండింటికీ. ముత్యాలప్ప గాభరాగా వచ్చి ఒక కన్నం పక్కన బొట్టును తువ్వాలుతో తుడిచేశాడు. ఆడదాని బొట్టు తుడవకూడదు కానీ బండి బొట్టు తుడవొచ్చు తల్లీ అని వాడంటే అందరూ నవ్వారు. మా తాత కాలం నుంచి మా ఇంట్లో ఇన్ని గొంతులు పాడాయి. ఏ గొంతుకైనా ఎవరైనా ఒక చిటికెడు పసుపు పూశారా?

పాట మొదలైంది.

నిజం చెప్పాలంటే వాడు నాకంటే బాగా పాడాడు. వాడు అంటున్నాను, ఏమనాలో తెలియక. ఏడాది కిందటి నా గొంతు. అప్పటికి నాకు ఈ దగ్గు లేదు. ఇప్పుడు పై స్థాయి అందుకోబోతే గొంతులో ఇసుక కదులుతుంది. వాడికి ఇసుక లేదు, బీడీ లేదు, వయసు లేదు. నేను ఎక్కడ ఊపిరి తీసుకుంటానో అక్కడే తీసుకుంటాడు, నేను ఎక్కడ వణికిస్తానో అక్కడే వణికిస్తాడు, కానీ అలసిపోడు. గొల్లపిల్ల ఖాళీ దొడ్డి చూసి ఏడ్చే చోట నా ముందరున్న ముసలామె ఒకతె ముక్కు చీదింది. నేను పాడితే ఆమె అంత ఏడ్చి ఉండేది కాదు. ఆ సంగతి నా అంత బాగా ఎవరికీ తెలియదు. పెండ్లాం పక్కింటివాణ్ణి మెచ్చుకుంటే వాడితో తగువు పెట్టుకోవచ్చు. నాతో నేను ఎట్లా తగువు పడేది?

ఆవులు రావడం మొదలైంది. తెల్లావు వచ్చింది, నీళ్లు చల్లారు. ఎర్రావు, పుల్లావు. చుక్కలావు వచ్చింది. టక్కుమని పెట్టె ఆగింది. ముత్యాలప్ప మూత తెరిచి, క్యాసెట్టు తిరగేసి, మళ్లీ నొక్కాడు. ఆ సందులో జనం దగ్గుకున్నారు, ఒకరినొకరు పలకరించుకున్నారు. పాట మళ్లీ ఎత్తుకుంది. బట్టావు వచ్చింది.

నేను తలమీది తువ్వాలు తీసేశాను. చుక్కలావు వెనక కర్రావు రావాలి. కర్రావు తర్వాతే బట్టావు. మబ్బు రంగు ఆవు అది, కడుపులో నీళ్లు మోసుకొచ్చేది అదేనని మా నాయన చెప్పేవాడు. ఆ ఉగాదినాడు మా ఇంట్లో టక్కుమన్న చప్పుడు నాకు అప్పుడు గుర్తొచ్చింది. పెట్టె ఆగింది, నేను ఆగలేదు. వాడు క్యాసెట్టు తిరగేసేలోగా కర్రావు నా నోట్లో నుంచి వచ్చి మా ఇంటి దూలాల్లోకి పోయింది. పెట్టెలోకి ఎక్కలేదు.

ఎవరికీ తెలియలేదు. ఆడవాళ్లు పేరు వింటే నీళ్లు చల్లుతారు, వరస ఎవరికి గుర్తు? పాట అయిపోయింది. కర్రావు బయట ఉండగానే కంప వేశారు. అన్ని ఊళ్లలోనూ అట్లాగే వేసి ఉంటారు.

ఇంటికి వస్తూ దోవలో నాకు నేనే నవ్వుకున్నాను. ఆ సంగతి ముత్యాలప్పకు చెప్పొచ్చు. చెప్తే వాడు అయ్యో బావా అని, పెట్టె ముందర పెట్టి ఇంకోసారి పాడించుకుని సరిచేసుకుంటాడు. నేనెందుకు చెప్పాలి? తిమ్మమ్మకు కూడా చెప్పలేదు. మా ఊరి పాట ఇంకా కాలేదు. మా ఊళ్లో, మా నాయన కూర్చున్న కంబళి మీద ఎవరు కూర్చుంటారో తేలాలి.

అది చావిడిలో తేలింది. ఊరి పెద్ద ఎర్రిస్వామి కొద్దిమందిని పిలిపించాడు. నేను నిలబడి, ఈ పాట మా వంశానిదని, సొంత ఊళ్లోనైనా మనిషి పాడాలని చెప్పాను. చెప్తుండగానే దగ్గు వచ్చింది. అందరూ అది ఆగేదాకా మర్యాదగా నేల చూశారు.

"నీ గొంతే కదప్పా" అన్నాడు ఎర్రిస్వామి. "నువ్వు పాడితే ఏమి, పెట్టె పాడితే ఏమి? పెట్టె ఐతే కింద పేటకు కూడా వినపడతాది. నువ్వు కూడా వచ్చి సుఖంగా కూర్చుని విను."

నా దగ్గర ఉన్న జవాబు అప్పుడే చెప్పేది కాదు. సరే అన్నాను. అంత తొందరగా ఒప్పుకున్నందుకు తిమ్మమ్మ ఆ పూట నాకు జొన్నరొట్టెలో నెయ్యి వేసింది.

మా ఊరి దొడ్డి ముందర ఆ సాయంత్రం నిలబడటానికి చోటు లేదు. కింద పేటవాళ్లు కూడా ఇక్కడికే వచ్చారు, బండి చూడాలని. నేను కంప పక్కనే నిలబడ్డాను. పెట్టె కంబళి మీద ఉంది. పాట సాగింది. చుక్కలావు వచ్చింది, పెట్టె టక్కుమన్నది, తిరగేశాడు, బట్టావు వచ్చింది. నేను కదల్లేదు. పాట చివరికంటా పోయి ఆగింది. ఇద్దరు మగవాళ్లు వచ్చి కంప ఎత్తారు. అప్పుడు కాలు అడ్డం పెట్టాను.

"వేయొద్దండి" అన్నాను. "కర్రావు బయట ఉండాది."

ఎర్రిస్వామి దగ్గరికి వచ్చి ఏమి మాట్లాడుతున్నావని అడిగాడు. నేను ముత్యాలప్ప వైపు చేయి చూపించి, వెనక్కి తిప్పి వినిపించమన్నాను. వాడు తిప్పాడు. చుక్కలావు, టక్కు, బట్టావు. ఇంకోసారి తిప్పాడు. అదే. వాడి ముఖం చిన్నబోయింది. ఆ ముఖం చూడాలని ఎన్నాళ్లుగా ఎదురుచూశానో. చూశాను. అనుకున్నంత రుచి లేదు కానీ బాగానే ఉంది.

ముసలి మారెక్క చెంబు కింద పెట్టేసింది. "అందుకే యాడా పడలే" అన్నది. "కర్రావు రాకుంటే వాన ఎట్ల వస్తాది? అన్ని ఊళ్లలో దాన్ని బయట పెట్టి కంప వేసినారు కదరా నాయనా."

ఆ మాట ఒకరి నుంచి ఒకరికి పోయింది. కొందరు బండిని అదోలా చూశారు. నేను భుజం మీద తువ్వాలు సర్దుకున్నాను. పెట్టె తీసేస్తారు, కంబళి దులుపుతారు, మొదలుపెట్టు సామీ అంటారు. మొదటి నుంచి పాడాలి. దగ్గు రాకుండా నోట్లో మిరియం కూడా వేసుకుని వచ్చాను.

"మిగతా ఆవులన్నీ వచ్చినాయా?" అని అడిగాడు ఎర్రిస్వామి.

వచ్చాయన్నాను.

"ఐతే దాన్నొక్కటే పిలువు. ఒక గొడ్డు తప్పితే మందనంతా మళ్లీ బయటికి తోలుతామా ఏమి?"

పశువులు కాసినవాడెవడైనా ఆ మాటకు ఎదురు చెప్పలేడు. నేనూ పశువులు కాసినవాణ్ణే. కంబళి వైపు అడుగు వేశాను. పెట్టెను కదిలించవద్దని, ఆడనే నిలబడి పిలువప్పా అని అన్నాడు. నిలబడే పిలిచాను. కర్రావు పిలుపు నాలుగు చరణాలు. రెండో చరణంలో దగ్గు వచ్చింది, మింగి పాడాను. ఆడవాళ్లు నీళ్లు చల్లారు. మారెక్క రెండు చెంబులు పోసింది. కంప వేశారు. జనం వెళ్లిపోతూ ముత్యాలప్ప భుజం తట్టి, పోనీలేప్పా, నీ తప్పేముంది అన్నారు. నా భుజం ఎవరూ తట్టలేదు.

మరుసటి రోజు వాడు నా దగ్గరికి వచ్చాడు. కోపం లేదు. వాడికి కోపం కూడా రాదు. పాట మొత్తం ఇంకోసారి పాడితే కొత్త క్యాసెట్టులో ఎక్కిస్తానని, ఈసారి టక్కుమనే ముందే ఆపుతానని అన్నాడు. నేను పాడనన్నాను. పాత క్యాసెట్టులో కర్రావు ఒక్కదాన్నే ఇరికించలేవా అని అడిగితే, అట్లా చేస్తే బట్టావు చెరిగిపోతుందంట. ఈ గొంతుతో కొత్తగా పాడి ఆ గొంతును మూలకు నెట్టడానికి నాకు మనసు రాలేదా, లేక వాడి పని సులువు చేయడం ఇష్టం లేదా, నాకే తెలియదు. పెట్టెలో ఇంక పాడనని గట్టిగా చెప్పేశాను.

ఈలోగా మాట పాకింది. పెట్టె పాట పెట్టించుకున్న ఊళ్లన్నీ కబురు పంపాయి. కర్రావు మా దొడ్డి బయటే ఉండాదంట కదా, వచ్చి పిలవండి అని. కొత్త ఊళ్లు కూడా పిలిచాయి. వాడి బండికి అంతకు ముందు లేని గిరాకీ నేను తెచ్చిపెట్టాను. నేను పోనని మొండికేశాను. తిమ్మమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అన్నది.

"పోకు. వాన ఎవరు నిలిపినారంటే ఈ ఇల్లు చూపిస్తారు. అప్పుడు నీ పేరు పెద్దదైతాది."

ముత్యాలప్ప మళ్లీ సీటు విప్పాడు. నేను బాకాలాంటి పెద్ద గొంతు ఉన్నవాణ్ణి కాదు ఇప్పుడు, నాకు మైకు కావాలి. దానికి వేరే చిన్న ఆంప్లిఫైరు, దానికి వేరే ప్లగ్గు. పాత సాకెట్టు పక్కనే డబ్బాకు ఇంకో రంధ్రం వేసి ఇంకో సాకెట్టు బిగించాడు. దానికీ ఒక ఫ్యూజు పెట్టాడు. ఈసారి వైరు పట్టుకోమని నన్ను అడగలేదు. తిమ్మమ్మ కుంకుమ తెచ్చి పెట్టెవాడి సాకెట్టు బొట్టును ముందు దిద్ది, తర్వాత నాదానికి పెట్టింది. బూరను ముందుకు, పెట్టెను వెనక్కి జరిపి కట్టాక నాకు కూర్చోను జాగా దొరికింది. మొదట్లో లేని జాగా ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందని నేను అడగలేదు.

ఆ నెలంతా తిరిగాం. ప్రతి ఊళ్లోనూ అదే వరస. పెట్టెవాడు కంబళి మీద కూర్చుని పాడతాడు. నేను బండి పక్కన మైకు పట్టుకుని నిలబడి నా వంతు కోసం చూస్తాను. చుక్కలావు వస్తుంది, టక్కుమంటుంది, ముత్యాలప్ప నాకు తల ఊపుతాడు. నేను కర్రావును పిలుస్తాను. తర్వాత బట్టావు నుంచి మళ్లీ వాడు అందుకుంటాడు. వాన సంగతంటారా, కొన్ని ఊళ్లలో పడింది, కొన్ని ఊళ్లలో పడలేదు, ఎప్పటిలాగే. పడిన చోట పెట్టె మహిమ అన్నారు. పడని చోట ఆ మనిషి కర్రావును సరిగా పిలవలేదన్నారు.

కుందుర్పి అవతల ఒక ఊళ్లో పాట అయ్యాక నేను మైకు వైరు చుట్టుకుంటుంటే ఒక అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. నన్ను, కంబళి మీది పెట్టెను మార్చి మార్చి చూసింది.

"పెట్టెలో పాడేది నీ కొడుకా?" అని అడిగింది.

ముత్యాలప్ప నోరు తెరవబోయాడు. నేను వాణ్ణి చూడలేదు.

"అవునవ్వా" అన్నాను. "కొడుకే."

"పోలిక ఉండాది" అన్నది అవ్వ. "గొంతు బంగారు. నీకు రాలేదే అది."

"వయసులో ఉండాడు" అన్నాను.

ఆమె వెళ్లిపోయింది. ముత్యాలప్ప రెండు ప్లగ్గులూ పీకాడు. దోవలో గుంతలు ఎక్కువని, పెట్టెను తాళ్లతో కట్టకుండా కంబళిలో చుట్టి నా ఒళ్లో పెట్టాడు. బండి స్టార్టు చేశాడు. ప్రతి గుంత దగ్గరా వెనక్కి తిరిగి, జాగ్రత్త బావా, జాగ్రత్త అంటూనే ఉన్నాడు. నా గురించి కాదు.

నేను గట్టిగానే పట్టుకున్నాను.